పదకొండో పాఠం

పార్థసారథిగారు రిటైరై తొమ్మిదేళ్ళయింది గానీ ఆయన వైవా మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. యూనివర్సిటీలో ముప్ఫై నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చెప్పారాయన. వైవా రోజున ఆయన గదిలోంచి కళ్ళు తుడుచుకోకుండా బయటికి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని క్యాంపస్‌లో చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆయన మురిసిపోయేవారు. కొట్టడం, తిట్టడం ఆయనకి చేతకావు. ప్రశ్న అడిగేవారు, జవాబు కోసం ఆగేవారు. అంతే. ఎదుటివాడు నీళ్ళు నములుతుంటే పెదాల చివర చిన్న నవ్వుతో గోడ గడియారం వైపు చూస్తూ ఎంతసేపైనా ఆగేవారు. ఆ ఆగడం తిట్టు కన్నా ఘోరంగా ఉండేదని ఆయన దగ్గర చదువుకున్న పెద్ద పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు.

ఏటా మొదటి క్లాసులో బోర్డు మీద రెండే రెండు వాక్యాలు రాసేవారు. 'అడిగినదానికి అబద్ధం చెప్పను. అడగనిదానికి నోరు విప్పను.' ఈ రెండిటినీ ఆయన ఒక్కనాడు కూడా తప్పలేదు. అందుకే జనం ఆయన్ని నిజాయితీపరుడన్నారు. మనుషులు దేనికి ఏ పేరు పెడతారో చెప్పలేం.

అయితే ఈ కథ ఆయనది కాదు. నలభై మూడేళ్ళుగా ఆయనకి వైవా ఇస్తూ, ఒక్కసారి కూడా పాసవని వేదవతిది.

రాజమండ్రిలో ఇంటర్మీడియెట్ రాసి, ఫలితాలు రాకముందే పెళ్ళి చేసుకుని హైదరాబాద్ వచ్చిందావిడ. ఇరవై ఏడేళ్ళు క్యాంపస్ క్వార్టర్సులో ఉన్నారు. తర్వాత తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాటు కొనుక్కుని మారారు. పిల్లల్లేరు. వంట ఎప్పుడు చెయ్యాలి, పక్కింటావిడతో ఎంతసేపు మాట్లాడాలి, కూరలో ఆవ పెట్టాలా వద్దా అన్నవి ఆయన నిర్ణయించేవారు. ఆవిడకంటూ మిగిలింది బుధవారం మధ్యాహ్నం మూడు గంటలు.

ఆ టైముకి రాజమండ్రి నుంచి చెల్లెలు సుధామయి ఫోన్ చేసేది. పూర్వం బుధవారం మూడింటికి పార్థసారథిగారికి ల్యాబ్ ఉండేది. ఇంట్లో ఆయన ఉండరు కాబట్టి అక్కాచెల్లెళ్ళు ఆ ముహూర్తం పెట్టుకున్నారు. ల్యాబ్ పోయినా ముహూర్తం పోలేదు. సుధామయి తొమ్మిదేళ్ళు చిన్నది. అమ్మ మంచం పట్టడంతో ఆ పిల్లకి అన్నం కలిపి పెట్టిందీ, జడ వేసిందీ వేదవతే. లోకమంతా ఆవిడని మేడమనో, ఆంటీ అనో, పార్థసారథిగారి భార్య అనో పిలిచింది. ఫోన్ ఎత్తగానే "వేదక్కోయ్!" అని గోదారి అవతలి గట్టున ఉన్నవాళ్ళని కేకేసినట్టు పిలిచే గొంతు మాత్రం ఒక్కటే. ఆ పిలుపు విన్నాక మళ్ళీ బుధవారం దాకా ఏమైనా పడొచ్చు అనిపించేది ఆవిడకి.

క్వార్టర్సులో ఉన్నప్పటి నంబరే ఫ్లాటుకీ తెచ్చుకున్నారు. గొప్ప ఫోనది. కరెంటు పోయినా మోగేది. వాన వచ్చి క్యాంపస్‌లో చెట్లు పడి, రోజంతా దీపాల్లేకపోయినా మోగేది. ఆ ఫోన్‌తో సంసారం చేసిన వాళ్ళకి రెండు సంగతులు ఒంట్లో జీర్ణించుకుపోయాయి. ఫోన్ మోగలేదంటే ఎవరూ చెయ్యలేదని అర్థం. ఎవరైనా చేస్తారని ఎదురుచూస్తున్నప్పుడు రిసీవర్ ఎత్తకూడదు, ఎత్తితే అవతలివాళ్ళకి ఎంగేజ్ వస్తుంది. వేదవతికి ఈ రెండూ అన్నం తినడమంత సహజంగా తెలుసు. చివరికి ఆవిడ కొంప ముంచినవీ ఇవే.

మొన్న వేసవి తర్వాత బిల్డింగుకి పాత తీగలు తీసేశారు. ఇంటర్నెట్ కంపెనీ తరఫున కుమార్ అనే మెకానిక్ వచ్చి టీవీ వెనక గోడకి తెల్లటి డబ్బా ఒకటి బిగించాడు. పాత ఫోన్ వైరుని దాని వెనక గుచ్చాడు. నంబరు అదే, ఫోను అదే, బల్ల మీద చోటు కూడా అదే. వేదవతి మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తాగి, గ్లాసు తిరిగిస్తూ అన్నాడు.

"మేడం, ఒక్క మాట యాదిల పెట్టుకోండ్రి. గీ డబ్బాకి కరెంట్ బంద్ అయితే ఫోన్ గూడ..."

"ఏమయ్యా," అన్నారు పార్థసారథిగారు లోపలి గదిలోంచి వస్తూ. "పాఠం చెప్పడానికి నేనున్నాను. నువ్వు వైరు గుచ్చావు కదా, వెళ్ళు."

కుమార్ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట అక్కడే సగంలో ఆగింది. తర్వాత రోజుల్లో వేదవతి ఆ సగం మాటని ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

పాఠం చెప్పడానికి ఆయన పుస్తకమే రాశారు. 'ఇంటివారి కోసం ఇంటర్నెట్టూ ఫోనూ: పన్నెండు పాఠాలు' అని అచ్చు వేయించి, బిల్డింగులో ఫ్లాటుకొకటి పంచారు. ఆదివారం పొద్దున్న తమ పాత డిపార్టుమెంటు సెమినార్ హాలు అడిగి తీసుకుని, చుట్టుపక్కల అపార్టుమెంట్ల పెద్దవాళ్ళకి క్లాసులు మొదలుపెట్టారు. ఇంట్లో మాత్రం రోజూ క్లాసే. విద్యార్థి ఒక్కరే.

ఇంటి నిబంధనలు వేరు. వైఫై పాస్‌వర్డు పన్నెండు పాఠాలూ పాసయ్యాకే చెబుతారు. అందాకా రోజూ ఆయనే ఆవిడ సెల్లులో వైఫై కలుపుతారు. ఇంట్లో వైఫై ఉండగా దండగ అని ఆవిడ సెల్లుకి రీఛార్జి మానేశారు. వైవాలో తప్పితే సాయంత్రం దాకా ఆ తెల్ల డబ్బా స్విచ్ ఆపేస్తారు.

"ఐపీ అడ్రస్ అంటే?" అని అడిగారు మూడో పాఠంలో.

"మన ఫ్లాట్ నంబరు లాంటిదండీ," అంది వేదవతి. "ఉత్తరాలన్నీ బిల్డింగు పేరు మీద గేటు దగ్గరికి వస్తాయి. ఏది ఎవరి గుమ్మంలో ఇవ్వాలో వాచ్‌మన్ చూసి పంచుతాడు. ఇంటి బయటికి కనిపించే అడ్రసు ఒకటి. లోపల టీవీకొకటి, సెల్లుకొకటి, ఫోనుకొకటి. ఆ వాచ్‌మన్ లాంటివాడే రౌటరు."

చక్కగా చెప్పింది. ఏ పంతులైనా భుజం తట్టాల్సిన జవాబది.

"నా పుస్తకంలో వాచ్‌మన్ ఉన్నాడా?"

"లేడండీ."

"సున్నా," అని స్విచ్ ఆపేశారు.

ఐదో పాఠం ప్యాకెట్ల గురించి. అది ఆవిడకి నచ్చింది. మనం ఫోన్‌లో మాట్లాడే మాట సాంతం ఒక్కసారిగా వెళ్ళదట. సన్నటి ముక్కలుగా తరిగి, ముక్క ముక్కకీ చేరాల్సిన అడ్రసు, వరస నంబరు వేసి పంపుతారట. ఏ ముక్క ఏ దారిన పోతుందో ఎవరికీ తెలియదు. అవతల మళ్ళీ వరసలో పేర్చుకుని మాటగా వినిపిస్తారు. ఇంత తతంగం కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. "ఎంత బాగుందండీ!" అందావిడ పైకే. "బాగుండడం జవాబు కాదు," అన్నారాయన.

ఆ రోజుల్లోనే సుధామయికి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. జలుబు కాదు. స్వరపేటిక తీసేస్తే ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. మనిషి ఉంటుంది, గొంతు ఉండదు. ఆపరేషను బుధవారం సాయంత్రం నాలుగింటికి పెట్టారు.

"బుధవారమే పెట్టారు చూడవే వేదక్కా," అంది సుధామయి ఆదివారం నాడు, గరగరలాడే గొంతుతో. "మూడింటికి నీకు చేశాకే లోపలికొస్తానని డాక్టరుకి చెప్పేశాను. ఒక సంగతి ఉంది. ఇన్నేళ్ళు దాచాను. అది చెప్పి నిన్ను నవ్వించి, అప్పుడు గొంతు వాళ్ళకి అప్పగిస్తాను."

"ఇప్పుడే చెప్పొచ్చుగా."

"ఇప్పుడు చుట్టూ జనం. పైగా బుధవారం కాదుగా!"

ఆ గొంతు ఇంకెక్కడా దాచి లేదు. సుధామయికి కెమెరా అంటే సిగ్గు. పెళ్ళిళ్ళ వీడియోల్లో ఆవిడ నోరు కదిలిన చోటల్లా సన్నాయి వినిపిస్తుంది. అందుకని ఆ బుధవారం మూడు గంటలు వేదవతికి ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ మొగుడికి మాత్రం రెండుసార్లు చెప్పింది. ఆయన రెండుసార్లూ తలూపారు.

అప్పటిదాకా బుధవారాలు పాఠమే గానీ వైవా ఉండేది కాదు. ఆ బుధవారం మాత్రం ఒంటిగంటకి, భోజనం విస్తరాకులు తీయకముందే, ఏడో పాఠం అడిగారు. బ్యాండ్‌విడ్త్, లేటెన్సీ.

"మన రోడ్డు ఎంత వెడల్పుంటే అన్ని బళ్ళు పక్కపక్కన పోతాయి. అది బ్యాండ్‌విడ్త్," అంది వేదవతి. "ఇక్కణ్ణుంచి మెట్టుగూడ చేరడానికి ఒక బండికి ఎంతసేపు పడుతుందో అది లేటెన్సీ. రోడ్డు వెడల్పుంది కదా అని తొందరగా చేరతామని లేదు. ఫోన్‌లో మాటకి వెడల్పు పెద్దగా అక్కర్లేదు, తొందరగా చేరడమే ముఖ్యం."

"లేటెన్సీని దేంతో కొలుస్తారు?"

"టైముతో."

"టైములో దేంతో?"

ఆవిడకి రాలేదు. మిల్లీసెకన్లన్న మాట నాలిక చివరి దాకా వచ్చి జారిపోయింది. ఆయన పెదాల చివర నవ్వుతో గోడ గడియారం వైపు చూస్తూ ఆగారు. నిమిషం అయింది. రెండు నిమిషాలు అయింది. తర్వాత లేచి, టీవీ వెనక్కి చెయ్యి పెట్టి స్విచ్ ఆపేశారు.

వేదవతి ఏమీ బతిమాలలేదు. బతిమాలాలని తోచలేదు కూడా. వైఫై పోతే పోయింది, సెల్లు పనిచెయ్యదు. సుధ చేసేది పాత నంబరుకి కదా, బల్ల మీది ఫోనుకి కదా అనుకుంది. పైగా మనసులో ఆయన్ని కాస్త వెక్కిరించుకుంది కూడా. ఏం శిక్ష వేసినా ఈ ఫోన్‌ని ఆపలేరుగా అని. పాపం, ఆ వెక్కిరింతకైనా ఆవిడకి హక్కు లేకపోయింది.

రెండున్నరకే మొహం కడుక్కుని, జడ వేసుకుని, కుర్చీ లాక్కుని ఫోన్ పక్కన కూర్చుంది. మూడయింది. మోగలేదు. మూడూ పది. ఏవో పరీక్షలు చేస్తూ ఉంటారులే అనుకుంది. రిసీవర్ వైపు చెయ్యి పోతే తనే వెనక్కి తీసుకుంది. సరిగ్గా అప్పుడే అది చేస్తే? ఎంగేజ్ వస్తే? అక్క ఎవరితోనో మాట్లాడుతోందని అనుకుంటే? రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మూడూ ఇరవైకి పార్థసారథిగారు నిద్ర లేచి హాల్లోకి వచ్చారు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకున్నారు.

"ఇంకా చెయ్యలేదా మీ చెల్లెలు?"

"లేదండీ."

ఆయన ఫోన్ వైపు చూశారు. ఆవిడ వైపు చూశారు. తర్వాత పెదాల చివర చిన్న నవ్వుతో గోడ గడియారం వైపు చూస్తూ కాసేపు నిలబడ్డారు. తనతో పాటు ఆయన కూడా ఎదురుచూస్తున్నారనుకుంది ఆ వెర్రి ఇల్లాలు. ఆవిడకి కళ్ళు చెమ్మగిల్లాయి.

"కూర్చోండి, చేస్తుంది," అంది.

"సరే," అని కాఫీ తాగి, బూట్లు వేసుకుని ఆయన క్యాంపస్‌కి వాకింగ్‌కి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆయన సెల్లు ఆపేసి బీరువాలో పెడతారు. ఆ సంగతి బంధువులందరికీ తెలుసు.

నాలుగూ ఐదుకి పనిమనిషి బుచ్చవ్వ వచ్చింది. గోల్నాక నుంచి రెండు ఆటోలు మారి వస్తుందావిడ. చీపురు తీసుకోబోయి ఆగింది.

"ఏందమ్మా, గట్ల కూసున్నరు? మొకం గుంజుకపోయింది."

"చెల్లెలు ఫోన్ చేస్తానంది, బుచ్చవ్వా. రాలేదు."

"ఎత్తి సూడరాదు?"

"ఎత్తితే ఎంగేజ్ వస్తుందే."

బుచ్చవ్వ టీవీ వెనక్కి తొంగి చూసింది.

"గీ డబ్బకి లైట్లే లెవ్వు గదమ్మా! మా ఇంట్ల గూడ గిట్లాంటిదే పెట్టిండు నా కొడుకు. లైట్లు లేకుంటే ఫోన్ లేదు, ఏం లేదు. సచ్చిన డబ్బ అది."

వేదవతి రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుంది. నలభై మూడేళ్ళలో ఆ ఫోన్‌లో ఏదో ఒక చప్పుడు వినిపించేది. ఎవరూ లేనప్పుడైనా సన్నటి మోత ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు. చెవికి చెక్కముక్క ఆనించుకున్నట్టుంది.

బుచ్చవ్వ బొడ్లోంచి తన సెల్లు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. చెల్లెలి నంబరు కంఠతా వచ్చినా రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి సుధామయి కొడుకు ఆత్రేయ ఎత్తాడు.

"పెద్దమ్మా! ఎక్కడికెళ్ళిపోయావ్? అమ్మని ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు. ఐదు నిమిషాలు కాలేదు."

"ఒక్కసారి, నాన్నా, తలుపు దగ్గర..."

"మత్తు ఇచ్చేశారు, పెద్దమ్మా. పద్నాలుగుసార్లు చేశాం. అవతల రింగవుతూనే ఉంది, నువ్వు ఎత్తట్లేదు. పెదనాన్నగారి సెల్లు ఆఫ్. ఆఖరికి మెసేజ్ చెప్పమని వచ్చింది. డాక్టరు వద్దంటున్నా అమ్మ మెసేజ్ చెప్పింది. మాట్లాడుతుంటే నొప్పికి కళ్ళ నీళ్ళు కారిపోయాయి. అయినా నవ్వుతూ చెప్పింది. నన్ను కూడా బయటికి పొమ్మంది. అది నీకొక్కదానికేనట."

మెసేజ్ ఉందన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఐదున్నర దాకా బతికింది వేదవతి. స్విచ్ తనే వేసింది. డబ్బా మీద లైట్లు వచ్చాయి గానీ మెసేజ్ వినడానికి ఏ నంబర్లు నొక్కాలో ఆయనకే తెలుసు. అది పన్నెండో పాఠం.

ఆయన వచ్చి, బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని, నంబర్లు నొక్కి స్పీకరు పెట్టారు.

"వే... క్కో... నవ్వ... కు... ఆ రోజు నాన్న... పెట్... నేనే... నువ్... చింత... అందుక... కదా... వే..."

తర్వాత బొంగురుగా నవ్వు. అదీ ముక్కలే. ఆ తర్వాత ఏమీ లేదు.

"మళ్ళీ పెట్టండి," అంది వేదవతి. మళ్ళీ పెట్టారు. మూడోసారి కూడా పెట్టారు. యంత్రం మూడుసార్లూ ఒకే రకంగా నమిలి ఉమ్మింది.

"జిట్టర్," అన్నారు పార్థసారథిగారు. "తొమ్మిదో పాఠం. లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి ఆస్పత్రి వైఫై మీద చేసి ఉంటారు. ప్యాకెట్లు ఒక వరసలో, ఒకే ఎడంలో రాలేదు. ఆలస్యంగా వచ్చినవాటిని అవతల పారేస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"ఈ ఫోను..." అంది ఆవిడ.

"పాత ఫోనుకి కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి తీగలోనే వచ్చేది. ఇప్పుడు మాట కూడా ఇంటర్నెట్టులోనే పోతుంది. డబ్బా ఆపితే వైఫై ఒక్కటే కాదు, ఫోనూ ఆగుతుంది. అది పదకొండో పాఠం. మనం ఇంకా ఏడులోనే ఉన్నాం కదా."

వేదవతికి ఒక ప్రశ్న గొంతు దాకా వచ్చింది. స్విచ్ ఆపిన సంగతి మీకు గుర్తుందా, మూడూ ఇరవైకి మీరు ఆ ఫోన్ వైపు చూసినప్పుడు? అడగలేదు. అడిగితే ఆయన అబద్ధం చెప్పరు. అడగకపోతే ఆయన మర్చిపోయారని అనుకోవచ్చు. నిద్ర మత్తులో ఉన్నారు, పెద్దవాళ్ళయ్యారు, మర్చిపోయారు. ఆ మర్చిపోవడం మీద కాలు పెట్టుకుని ఈ ఇంట్లో మిగతా రోజులు నడవాలావిడ. ఆ కాస్త నేలనీ తవ్వుకోవడానికి ధైర్యం చాల్లేదు.

ఆపరేషను బాగానే అయింది. పది రోజుల తర్వాత రాజమండ్రి వెళ్ళింది. సుధామయి మెడకి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. అక్కని చూడగానే నోరు తెరిచింది. పిలుపు ఆకారమంతా పెదాల మీద ఉంది, చప్పుడు లేదు. తర్వాత పలక తీసుకుని రాసింది.

'మెసేజ్ విన్నావా?'

"విన్నాను."

'మొత్తం?'

"మొత్తం విన్నానే."

'నవ్వొచ్చిందా?'

"నవ్వలేక చచ్చాను," అంది వేదవతి. సుధామయి కళ్ళు మూసుకుని, చప్పుడు లేకుండా భుజాలు ఎగరేసి నవ్వింది. అంత నొప్పి భరించి చెప్పిన మాట ముక్కలై పోయిందని ఆ మొహం మీద ఎవరు చెప్పగలరు? ఒక్కసారి విన్నానని చెప్పాక, ఏం చెప్పావే అని ఇంక ఎప్పటికీ అడగలేదు కదా. నాన్న, పెట్టె, చింతచెట్టో చింతకాయో. ఆ మాటల చుట్టూ ఉన్న నవ్వులాట అలాగే పోయింది.

హైదరాబాద్ వచ్చాక బుధవారం మూడింటికి ఆ మెసేజ్ వినడం మొదలుపెట్టింది. నంబర్లు చూసి నేర్చుకుంది. ముక్కలైతేనేం, ఆ గొంతే కదా. మొదటి 'వే' దగ్గర కళ్ళు మూసుకుంటే చాలు, మిగతా పిలుపుని తనే పూర్తి చేసుకునేది. నాలుగో బుధవారం నంబర్లు నొక్కితే ఎవరో అమ్మాయి గొంతు, "మీకు సందేశాలేమీ లేవు," అంది.

"వాయిస్‌మెయిల్ ముప్ఫై రోజులే ఉంటుంది," అన్నారు పార్థసారథిగారు పేపరు మీంచి తల ఎత్తకుండా. "తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. పన్నెండో పాఠం చివర్లో ఉంది."

"వేరేచోట దాచుకునే వీలు ఉండేదా?"

"ఉండేది. చాలా తేలిక. అడిగితే చెప్పేవాణ్ని కదా."

ఆయన పేపరు తిప్పుకున్నారు. మూడు వారాలుగా ప్రతి బుధవారం ఆవిడ ఆ మెసేజ్ వింటుంటే ఆయన అదే కుర్చీలో, అదే పేపరుతో ఉన్నారు. ఆ మధ్యాహ్నం వేదవతి కాలి కింద ఉన్న నేల దానంతటదే కదిలింది.

ఆ ఆదివారం క్యాంపస్ సెమినార్ హాల్లో వైవా. ముప్ఫై మంది దాకా వచ్చారు, అందరూ అరవై దాటినవాళ్ళు. వెనక బెంచీలో కుమార్ కూడా ఉన్నాడు, ప్రొజెక్టర్‌కి నెట్ కలపడానికి పిలిపించారు. ఒక్కొక్కరిని లేపి ఒక్కో మాట అడుగుతున్నారు పార్థసారథిగారు. తప్పినవాళ్ళు నవ్వుకుంటూ కూర్చుంటున్నారు. ఇక్కడ ఆపడానికి ఎవరి స్విచ్చూ లేదు కదా.

"నెక్స్ట్, వేదవతి. జిట్టర్."

ఆవిడ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"అవతల మనిషి మాట పూర్తిగానే చెబుతుందండీ. ఒకదాని తర్వాత ఒకటి, వరసగా. నొప్పిగా ఉన్నా చెబుతుంది. ఆ మాటని ముక్కలు చేసి పంపుతారు. అన్నీ ఒకే ఎడంలో వస్తే మాట మాటలాగా వినిపిస్తుంది. కొన్ని ముందు, కొన్ని వెనక, ఎడం మారి వస్తే, దాన్ని జిట్టర్ అంటారు. లేటుగా వచ్చిన ముక్క కోసం యంత్రం ఆగదు, పారేస్తుంది. మనం లైన్లో ఉంటే పర్వాలేదు. 'సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పవే' అంటాం. మళ్ళీ చెబుతుంది. లైన్లో మనం లేకపోతే అంతే, పోయిన ముక్క పోయినట్టే."

ఎవరికీ సంగతి తెలియదు గానీ, ఇది పుస్తకంలోని జవాబు కాదని అందరికీ తెలిసింది.

"నేనొక ప్రశ్న అడగొచ్చా?" అంది వేదవతి.

"అడుగు. అడిగినదానికి నేనెప్పుడూ జవాబు చెబుతాను."

"నెలన్నర కిందట ఒక బుధవారం, మూడూ ఇరవైకి, నేను ఫోన్ పక్కన కూర్చుని ఉన్నాను. మా చెల్లెలి గొంతు తీసేసే ముందు ఆఖరి ఫోన్ కోసం. స్విచ్ మీరు ఆపారు. ఆ ఫోన్ మోగదని నాకు తెలియదు. నన్నూ, ఫోన్‌నీ చూసి, గడియారం చూస్తూ నిలబడ్డారు మీరు. అప్పుడు మీకు తెలుసా?"

పార్థసారథిగారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఆ కాస్తసేపూ వేదవతి ఆయన అబద్ధం చెప్పాలని కోరుకుంది. నలభై మూడేళ్ళ కాపురంలో ఆయన నుంచి మనసారా కోరుకున్నది అదొక్కటే. మర్చిపోయానని అనండి, ఒక్కసారికి అబద్ధం ఆడండి అని లోపల దండం పెట్టుకుంది.

"తెలుసు," అన్నారాయన. "అడుగుతావేమోనని ఆగాను. నువ్వు అడగలేదు."

వెనక బెంచీలో కుమార్ లేచి నిలబడ్డాడు. "నేను చెప్పబోతే మీరే ఆపిండ్రు గదా సార్," అన్నాడు. ఆయన అటు చూడలేదు. బల్ల మీది మార్కుల కాయితం దగ్గరికి లాక్కున్నారు.

"ఆలస్యంగా వచ్చే ప్యాకెట్ల కోసం యంత్రం కొంతసేపు ఆగుతుంది. ఆ ఆగే చోటుని బఫర్ అంటారు. అది నువ్వు చెప్పలేదు. అర మార్కు తీసేస్తున్నాను," అన్నారు. తర్వాత హాలు వైపు తిరిగి, "మిగతాది కరెక్టే. చూశారా, పట్టుబట్టి నేర్పితే ఎవరికైనా వస్తుంది," అన్నారు.

పదికి తొమ్మిదిన్నర అని వేశారు. వేదవతి ఆ కాయితం వైపు చూడలేదు. తన పుస్తకాన్ని ఆయన బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

"నెక్స్ట్," అన్నారు పార్థసారథిగారు.

ఎవరూ లేవలేదు. ఆయన పెదాల చివర చిన్న నవ్వుతో గోడ గడియారం వైపు చూస్తూ ఆగారు.